ఖాళీ సమాధి, మెట్లబావి

హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రహదారి మీద కర్నూలు, డోన్ దాటి దక్షిణానికి వస్తుంటే నల్లరేగడి వెనకబడి ఎర్రనేల మొదలవుతుంది. ఆ ఎర్రనేలలోంచి బండలు లేస్తాయి, బండలు గుట్టలవుతాయి. గుత్తి వచ్చేసరికి ఆ గుట్టల మీదంతా కోటగోడలు పాకి ఉంటాయి. నేను వెళ్లింది జూలై మొదటి వారంలో. ఆషాఢపు గాలి మనిషిని కుదురుగా నిలబడనివ్వడం లేదు. తొలకరి పడింది గానీ చెరువుల్లోకి నీళ్లు రాలేదు. శనక్కాయ విత్తనం వేద్దామా, ఇంకో వాన చూద్దామా అని రైతులు తర్జనభర్జన పడుతున్న రోజులవి.

గుత్తికి వచ్చేవాళ్లు సాధారణంగా కొండెక్కి కోట చూసి వెళ్లిపోతారు. నేను మొదట కొండకింద ఉన్న పాత ఇంగ్లిషువాళ్ల శ్మశానానికి వెళ్లాను. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట, 1827 జూలైలో, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోను ఇక్కడ పూడ్చిపెట్టారు. జూలై 6 రాత్రి ఆయన పత్తికొండ దగ్గర గుడారంలో కలరాతో చనిపోతే, శవాన్ని గుత్తికి తీసుకొచ్చి మర్నాడు ఖననం చేశారు. నాలుగేళ్ల తర్వాత, 1831లో, ఆ అవశేషాలను తవ్వి తీసి మద్రాసు తీసుకుపోయి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో ఉంచారు. గుత్తిలో మిగిలింది స్మారకం మాత్రమే.

అక్కడికి దగ్గర్లో మేకలు మేపుకుంటున్న ఒక అవ్వను, ఈ సమాధి ఎవరిదో తెలుసా అని అడిగాను.

"మన్రో దొరది. మనిసి మాత్రం ఆడ లేడంట నాయనా, మద్రాసుకు ఎత్తకపోయినారంట."

"మనిషే లేనప్పుడు దీన్ని ఎందుకు పెట్టుకున్నారవ్వా?"

"పానం పోయినాది ఈ సీమలోనే గదప్పా. దొర ఈడోడే."

గ్లాస్గోలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ కోసం శిస్తు వసూలు చేయడానికి వచ్చిన మనిషిని, తరాలు గడిచాక, చదువు లేని ఒక సీమ ముసలావిడ 'ఈడోడే' అంటున్నది. ఆ మాట ఎలా పుట్టింది? అనదగిన మాటేనా? గుత్తి నుంచి పత్తికొండ దాకా, ఆయన చివరిసారిగా దాటిన నేల మీద, ఈ రెండు ప్రశ్నలూ పెట్టుకుని ప్రయాణం చేశాను.

మన్రో 1761 మే 27న పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా 1780లో మద్రాసులో దిగాడు. హైదరుతో, తర్వాత టిప్పుతో జరిగిన యుద్ధాల్లో ఉన్నాడు. 1792 నుంచి ఏడేళ్లు బారామహల్‌లో, అంటే ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతంలో, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద భూమిశిస్తు పని నేర్చుకున్నాడు. 1800 అక్టోబరులో నిజాము తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలని పేరుపడిన ఈ నేలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు మన్రో. 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. అనంతపురం ముఖ్యస్థానం. కానీ ఆ ఏడేళ్లలో చాలా భాగం ఆయన గుడారాల్లోనే గడిపాడు. ఊరూరా దిగి, రెడ్డినీ కరణాన్నీ రైతునూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ పొలం ఎంత పండుతుందో అడిగి తెలుసుకున్నాడు. గొలుసులు వేసి పొలాలు కొలిపించాడు. మధ్యలో జమీందారు లేకుండా, గుత్తకు తీసుకున్నవాడు లేకుండా, రైతు పేరునే పట్టా రాసి రైతు నుంచే శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతికి ఈ సీమ పొలాల్లోనే పునాదిరాళ్లు పడ్డాయి. ఇప్పటికీ మన పట్టాదారు పాసుపుస్తకం వెనక ఉన్న ఆలోచనలో ఆ పద్ధతి జాడలున్నాయి.

శ్మశానం నుంచి కోట మీదికి దారి పట్టాను. గుత్తి కోటను దుర్గాలలో రాజు అని పొగిడిన విజయనగర బుక్కరాయల కాలపు శాసనం కొండమీద ఉంది. గోడ వెనక గోడ, గుమ్మం వెనక గుమ్మం, పైకి పోయేకొద్దీ దారి ఇరుకవుతుంది. పై అంచున, లోయ మీదికి చూస్తూ, సున్నం నునుపు పెట్టిన చిన్న కట్టడం ఒకటుంది. మురారిరావు గద్దె అంటారు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పుకుంటారు. అక్కడ నిలబడితే ఊరంతా, రైలుపట్టాలు, చుట్టుపక్కల పొలాలు కనిపిస్తాయి. ఇంత ఎత్తున, ఇంత రాయి మధ్య ఉన్న కోట శత్రువుకు ఎలా చిక్కిందని ఎవరికైనా అనిపిస్తుంది. 1775-76లో హైదరు అలీ దీన్ని నెలల తరబడి ముట్టడించాడు. కోట పడిపోవడానికి ఫిరంగులు కారణం కాదు. లోపల తాగునీళ్లు అయిపోయాయి. మురారిరావు లొంగిపోయాడు.

కొండ దిగుతూ ఆ సంగతే ఆలోచించాను. ఈ నేల మీద ఎవరి రాజ్యమైనా చివరికి నీళ్ల దగ్గరే తేలుతుంది. గోడలు కట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. చెరువు కట్టినవాడి పేరు, బావి తవ్వించినవాడి పేరు జనం నోళ్లలో ఉంటుంది. మన్రో చనిపోయాక ఆయన జ్ఞాపకార్థం ఏం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు, మద్రాసులో చందాలు వేసుకుని శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీతో గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం చేయించారు. 1839లో నిలబెట్టిన ఆ విగ్రహాన్ని, జీనూ రికాబులూ లేని గుర్రంతో సహా, మద్రాసు వెళ్లిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు. సీమలో మాత్రం విగ్రహం పెట్టలేదు. గుత్తిలో బాటసారుల కోసం ఆయన పేరున సత్రం కట్టించారు. పత్తికొండలో తోపు నాటించి, రాతిమెట్లతో బావి తవ్వించారు. రాజధానికి విగ్రహం, కరువుసీమకు నీళ్లూ నీడా. అప్పటి ప్రభుత్వం చేసిన ఈ రెండో పని ఈ నేల స్వభావానికి సరిపోయింది.

ఇక జనం తమ పద్ధతిలో కట్టుకున్న స్మారకాలు వేరే ఉన్నాయి. ఈ ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారని పాత గెజిటీర్లు చెబుతాయి. ఆయన మాండవ్య ఋషి అవతారమని కడప వైపు పెద్దలు అనుకునేవారని ఆనాటి ఇంగ్లిషు రాతల్లో ఉంది. మంత్రాలయంలో మఠం మాన్యం విచారణకు వచ్చినప్పుడు రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయన ఒక్కడికే కనిపించి మాట్లాడాడని కథ. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండల మధ్య నుంచి దూకే గండి దగ్గర, రెండు కొండలకూ నడుమ కట్టిన బంగారు తోరణం ఆయనకు కనిపించిందనీ, అది చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుందనీ, ఆ తర్వాత కొద్దికాలానికే పత్తికొండలో చనిపోయాడనీ ఇంకో కథ. ఈ కథలను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. కానీ పరదేశపు అధికారిని తమ ఋషుల వరసలో, తమ స్వామి ఎదుట, తమ నది ఒడ్డున నిలబెట్టుకున్న జనం మనసును మాత్రం చరిత్రగానే తీసుకోవాలి. వందల ఏళ్లుగా పాలెగాడి మనుషులూ దండు మనుషులూ గుత్తదారు మనుషులూ వచ్చి దోచుకుపోయిన ఊళ్లలో, గుడారం వేసుకుని కూర్చుని నీ పొలం సంగతి చెప్పమని అడిగినవాడు జనానికి ఋషిలా కనిపించాడంటే, అంతకుముందు వాళ్లు ఎంత అవమానం పడి ఉంటారో అర్థమవుతుంది.

గుత్తి నుంచి పత్తికొండ రోడ్డు మీద సుమారు పదమూడు కిలోమీటర్లు పోతే ఎర్రగుడి వస్తుంది. జిల్లా మారి కర్నూలులోకి వస్తాం. ఊరికి దగ్గర్లో, జనం ఏనకొండ అని పిలిచే గుట్ట మీద, పెద్ద పెద్ద బండరాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించే దాకా బయటి ప్రపంచానికి వీటి సంగతి తెలియదు. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, రెండు చిన్న శిలాశాసనాలూ ఒకేచోట ఉండటం అరుదు. చిన్న శాసనంలో కొంతభాగం ఒక పంక్తి ఎడమనుంచి కుడికీ, తర్వాతి పంక్తి కుడినుంచి ఎడమకూ నడుస్తుంది. మెట్లెక్కి బండల దగ్గరికి పోయి, గాలికి కళ్లలో దుమ్ము పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ బ్రాహ్మీ గీతలను చాలాసేపు చూశాను.

1827 జూలైలో మన్రో బిడారు ఈ చుట్టుపక్కల నేల మీదుగానే సాగింది. ఆ రోజుకు బ్రాహ్మీ లిపిని చదవగలిగినవాడు ప్రపంచంలో ఒక్కడూ లేడు. జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పింది పదేళ్ల తర్వాత, 1837లో. ఏడేళ్లు భూమిశిస్తు పని నేర్చుకున్నవాడు, ఇంకో ఏడేళ్లు గ్రామాలు తిరిగి శిస్తు కట్టినవాడు ఈ బండలు చదవగలిగి ఉంటే తన వృత్తివాళ్లే వీటిలో కనిపించేవారు. ఎర్రగుడి చిన్న శాసనంలో అశోకుడు తన మాటను జనానికి చేర్చమని రజ్జుకులకు ఆజ్ఞాపిస్తాడు. రజ్జుకులంటే భూమి కొలత, గ్రామాల పాలన చూసే అధికారులు. వాళ్లు ఇదే నేల మీద, ఇదే పని కోసం, రెండు వేల ఏళ్లకు పైగా ముందే తిరిగారు.

రెండో ప్రధాన శాసనంలో రాజు చేసిన పనులున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, మందుచెట్లు లేనిచోట తెప్పించి నాటించడం, దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు పెంచడం. ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతే మనకు కనిపించబోయే మన్రో స్మారకం సరిగ్గా అదే: దారి పక్కన ఒక బావి, ఒక తోపు. దాన్ని కట్టించినవాళ్లకు ఈ బండల సంగతి తెలియదు. అయినా అదే పని చేశారు, ఎందుకంటే ఈ నేల మీద పుణ్యం అంటే ఏమిటో అప్పటి నుంచి ఇప్పటి దాకా మారలేదు.

కానీ అదే బండల మీద పదమూడో శాసనం కూడా ఉంది. అందులో అశోకుడు తన కళింగ యుద్ధం గురించి చెబుతాడు. లక్షన్నర మందిని చెరపట్టి తరలించాననీ, లక్షమంది చంపబడ్డారనీ, దానికి ఎన్నోరెట్లు చనిపోయారనీ తనే చెప్పి, అందుకు పశ్చాత్తాపపడుతున్నానని రాతిలో చెక్కించాడు. బావుల గురించి చెప్పిన నోటితోనే చావుల గురించీ చెప్పాడు. ఎర్రగుడి దిగి వస్తుంటే నాకు అన్నిటికన్నా బరువుగా తోచింది ఇదే. ఒక పాలకుడి స్మారకంలో ఈ రెండూ ఉండాలి.

ఎర్రగుడి దాటాక జొన్నగిరి, తుగ్గలి ప్రాంతపు పొలాల్లో మనుషులు గుంపులు గుంపులుగా నేలకు వంగి నడుస్తున్నారు. వజ్రాల కోసం. తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోతే ఎర్రచెలకల్లో వజ్రం బయటపడుతుందన్న ఆశతో, ఏటా ఈ కాలంలో దూరాభారాల నుంచి వచ్చి, చెట్లకిందే వండుకుని, రోజుల తరబడి వెతుకుతారు. "దొరికినోడికి దొరికినట్ల. దొరకనోడికి ఎండ దెబ్బ" అన్నాడు బస్సులో నా పక్కన కూర్చున్న రైతు. ఆయనకు ఎకరాల పొలం ఉన్నా బోరు ఎండిపోయింది. "వజ్రం వద్దు సార్, రెండించుల నీళ్లు పడితే సాలు" అన్నాడు. ఈ సీమ ఆర్థికశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

పత్తికొండ టమోటా మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. ధర ఉన్నరోజు లారీలు బారులు తీరతాయి, ధర పడిపోయిన రోజు రైతులు కాయను రోడ్డు పక్కన పారబోసి పోతారు. బస్టాండు దగ్గర దిగి, మన్రో దొర బావి ఎటువైపని అడిగితే దారి చూపించారు. ఆయన విగ్రహం గురించి అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఇక్కడ దొర పేరు బావితోనే ముడిపడి ఉంది.

1827 నాటికి మన్రో గవర్నరు పదవికి రాజీనామా ఇచ్చి, తన స్థానంలో ఎవరైనా వచ్చే దాకా ఆగి ఉన్నాడు. భార్య అంతకుముందే ఇంగ్లండు వెళ్లిపోయింది. తనూ ఓడెక్కే ముందు, తను కలెక్టరుగా తిరిగిన ఊళ్లను చివరిసారి చూసి వద్దామని మే నెలాఖరులో మద్రాసు నుంచి బయలుదేరాడు. జూలై 4న గుత్తి చేరాడు. అప్పటికే బిడారులో కలరా మొదలైంది. 6న పత్తికొండ వచ్చాక ఆయనకే సోకింది. తన దగ్గర ఉండొద్దని, మీకూ అంటుకుంటుందని చుట్టూ ఉన్నవాళ్లను బయటికి పొమ్మన్నాడని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ రాత్రే ప్రాణం పోయింది. వయసు అరవై ఆరు.

కలరా నీళ్ల ద్వారా వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. లండనులో జాన్ స్నో ఒక వీధి పంపు నీళ్లతో రోగాన్ని ముడిపెట్టి చూపింది 1854లో. నీళ్లే తెచ్చిపెట్టిన రోగంతో చనిపోయినవాడి పేరున నీళ్ల బావి తవ్వించారు. మెట్లబావి అంటే ప్రాణదాత, కానీ దానికీ ఒక చీకటి కోణముంది. మనిషి కాళ్లతో నీళ్లలోకి దిగే బావుల వల్లే ఈ జిల్లాల్లో తరతరాలు నారికురుపు జనాన్ని కుంటివాళ్లను చేసింది. మెట్లబావుల బదులు చేదబావులు, చేతిపంపులు తెచ్చి, నీళ్లు వడకట్టుకోవడం నేర్పి, ఊరూరా తిరిగిన ఆరోగ్య కార్యకర్తల శ్రమతో ఆ రోగం పోయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. బావిని పూజిస్తే చాలదు, బాగుచేసుకుంటూ ఉండాలి. స్మారకాల విషయంలోనూ మనం చేయాల్సింది ఇదే.

మన్రోకు బావి ఎందుకు తగిన స్మారకమో చెప్పే కాగితం ఒకటుంది. 1807లో దత్తమండలాలు వదిలిపోయే ముందు ఆయన ప్రభుత్వానికి నివేదిక పంపాడు. కొలతల మీద కట్టిన శిస్తు ఎక్కువగా ఉందనీ, అన్ని భూముల మీదా నూటికి ఇరవై అయిదు తగ్గించాలనీ రాశాడు. బావుల కింద సాగయ్యే భూములకూ, నదుల నుంచీ వాగుల నుంచీ నీళ్లు తోడి పారించుకునే భూములకూ ఇంకో ఎనిమిది, మొత్తం ముప్పై మూడు తగ్గించాలన్నాడు. మరమ్మతు రైతే చూసుకోవాలి, ప్రతిఫలంగా శిస్తు భారం తేలికవ్వాలి. సొంత చేతులతో నేలలోంచి నీళ్లు పైకి తెచ్చుకునేవాడిని ప్రభుత్వం ఆదుకోవాలన్నది దాని సారం. ప్రభుత్వం అప్పుడు ఒప్పుకోలేదు. రైత్వారీని పక్కన పెట్టి ఊళ్లను గుత్తకు ఇచ్చింది. 1820లో తనే గవర్నరుగా తిరిగొచ్చాక మన్రో రైత్వారీని, శిస్తు తగ్గింపునూ మళ్లీ తెచ్చాడు. బావి తవ్వుకున్న రైతు పక్షాన రాసినవాడి పేరున బావి ఉండటం కన్నా సరైన గౌరవం ఇంకోటి ఉండదు.

అయితే ఆ శిస్తు ఎక్కువని చెప్పినవాడు, ఆ శిస్తును కట్టించినవాడు ఒక్కరే. ఆయన ఉన్న ఏడేళ్లలో దత్తమండలాల నుంచి కంపెనీకి వచ్చే ఆదాయం సుమారు సగం మేర పెరిగింది. ఆ పెరుగుదల ఎవరి వీపు మీంచి వచ్చిందో తెలుసుకోవాలంటే పత్తికొండ నుంచి దేవనకొండ వైపు వెళ్లాలి. ఆ మండలంలో తెర్నేకల్లు అనే ఊరుంది. మన్రో వచ్చిన మరుసటి ఏడే, 1801లో, శిస్తు ఒత్తిడి భరించలేక ఈ ఊరు తిరగబడింది. కంపెనీ తరఫున వసూలుకు వచ్చినవాళ్ల ప్రాణాలు పోయాయి. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం వచ్చి ఊరికోటను పట్టుకుని ఊరివాళ్లను చంపింది. ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారని ఈ ప్రాంతం ఇప్పటికీ తలచుకుంటుంది. సీమలో అప్పటికి ఎనభై మంది దాకా పాలెగాళ్లు, వాళ్లకింద వేలమంది సాయుధులు ఉండేవారు. వాళ్లను లొంగదీయడంలో మన్రో చూపిన కఠినత్వాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. పింఛన్లకు దిగిపోయిన ఆ కుటుంబాల మంట ఆయన పోయాక కూడా ఆరలేదు. పింఛను విషయంలో అవమానపడి తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఇదంతా తెలిశాక గుత్తి అవ్వ మాట తప్పని నేను అనలేను. ఆమె మాటకు ఇంకో వైపు ఉందని మాత్రం అంటాను. మన్రో 1824 డిసెంబరు 31న రాసిన నివేదికలో, ఈ దేశపు మనుషులను ఉన్నత పదవులకు దూరం పెట్టడం వాళ్లను దిగజార్చడమేననీ, ఒకనాడు వాళ్లే తమ పాలన చూసుకునే స్థితికి రావాలనీ వాదించాడు. అంతకుముందు 1813లో బ్రిటిష్ పార్లమెంటు ముందు, నాగరికత రెండు దేశాల మధ్య సరుకైతే దిగుమతి వల్ల లాభపడేది ఇంగ్లండేనని చెప్పాడు. 1822లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బడులన్నిటి లెక్క తీయమన్నాడు. 1826లో ఆ లెక్క తేలింది: కోటీ ఇరవై ఎనిమిది లక్షల జనాభాకు 12,498 బడులు. గుత్తి అప్పుడు భాగంగా ఉన్న బళ్లారి జిల్లాలో 533. మనకు చదువే లేదనుకున్న కాలంలో మన వీధిబడుల్ని లెక్కపెట్టి పత్రంలోకి ఎక్కించిన పాలకుడు ఆయన. ఈ మనిషీ తెర్నేకల్లు నాటి ప్రిన్సిపల్ కలెక్టరూ ఒక్కరే. రెంటిలో ఏ ఒక్కదాన్నీ వదిలేస్తే మనకు మిగిలేది బొమ్మే గానీ మనిషి కాదు.

మన ఊళ్లలో స్మారకాలు పెట్టే తీరు చూస్తే ఒక పీఠం, ఒక విగ్రహం, ఆవిష్కరించినవాళ్ల పేర్లు. చనిపోయినవాడి కన్నా పలక మీద బతికున్నవాళ్ల పేర్లే పెద్దవి. ఆ తర్వాత జయంతికి దండ, వర్ధంతికి దండ. ఇంకోవైపు, పరాయి పాలనను గుర్తుచేసేవి ఎందుకని పాతవాటిని పట్టించుకోకుండా వదిలేయడం. ఈ రెండు పద్ధతులూ చరిత్రను చిన్నది చేస్తాయి. గుత్తి నుంచి పత్తికొండ దారి మాత్రం మూడో పద్ధతి చూపించింది. స్మారకం బతికున్నవాళ్లకు పనికిరావాలి, నీడో నీళ్లో ఇవ్వాలి. దాని పక్కనే ఆ పేరు మోసిన గాయమూ చెప్పాలి. ఎర్రగుడి బండల మీద ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మనం కొత్తగా కనిపెట్టాల్సింది లేదు.

2027 జూలై 6 నాటికి మన్రో చనిపోయి రెండు వందల ఏళ్లు నిండుతాయి. ఆ రోజుకు కొత్త విగ్రహం ఎవరూ పెట్టనక్కర్లేదు. పత్తికొండ బావిని శుభ్రం చేసి మెట్లు సరిచూడాలి. తోపులో పోయిన చెట్ల చోట మొక్కలు నాటి, అవి నిలదొక్కుకునే దాకా ఊరే నీళ్లు పోయాలి. గుత్తి సమాధి దగ్గర, పత్తికొండ బావి దగ్గర, తెర్నేకల్లు ఊరిముందు, మూడు చోట్లా తెలుగులో ఒకే కథ రాసిన పలకలు పెట్టాలి. రైత్వారీ, శిస్తు తగ్గింపు కోరిన నివేదిక, బడుల లెక్క, దానితోపాటే 1801 తిరుగుబాటు, గౌడప్ప పేరు, చనిపోయిన ఊరివాళ్లు. సీమ బడుల ఉపాధ్యాయులు పిల్లలను ఈ దారి వెంట తీసుకుపోయి, ముందుగా ఎర్రగుడిలో ఆపి, బావుల శాసనమూ కళింగ శాసనమూ ఏ బండ మీద ఉన్నాయో చూపించాలి. అక్కడ మొదలుపెట్టిన పిల్లలకు మన్రోను ఎలా గౌరవించాలో, ఎక్కడ నిలదీయాలో ఎవరూ విడిగా నేర్పనక్కర్లేదు.